టికెట్ కొన్నవాడల్లా దొర కాడు



ఎండాకాలం వచ్చిందంటే మన సంఘాల్లో రెండు పనులు తప్పవు. ఒకటి వి.బి.ఎస్., రెండోది అది ముగిశాక పిల్లల్నీ యూత్‌నీ బస్సెక్కించి తీసుకెళ్ళే పిక్నిక్. ఒకప్పుడు పిక్నిక్ అంటే డ్యామో, బీచో, జూపార్కో. ఇప్పుడు థీమ్ పార్కు. 1989లో బొంబాయి గొరాయిలో ఎస్సెల్ వరల్డ్ తెరిచినప్పుడు అదొక వింత. 2013లో ఖోపోలి దగ్గర ఇమాజికా వచ్చింది. బెంగుళూరువాళ్ళకి 2005 నుంచి వండర్‌లా ఉంది. 2024లో అదే కంపెనీ భువనేశ్వర్‌లో కూడా పార్కు తెరిచింది. మనం ఏ రాష్ట్రంలో స్థిరపడినా, బస్సు వెళ్ళగలిగినంత దూరంలో ఒక పార్కు దొరుకుతోంది.

వెళ్ళండి, తప్పేం లేదు. సంతోషించడం పాపమని నేననను. నా గొడవ పార్కుతో కాదు. అక్కడ క్యూలో నిలబడి మనవాళ్ళు ఆడే మాటలతో.

కొన్నేళ్ళుగా యూత్ వెంట పెద్దదిక్కుగా వెళ్తున్నాను. రైడ్లు ఎక్కే వయసు దాటిపోయింది కాబట్టి సంచులు కాపలా కాయడమే నా పని. అలా కూర్చున్నవాడికి చెవులకే పని. పైగా పరాయి రాష్ట్రంలో తెలుగు మాట్లాడేవాళ్ళకి ఒక ధైర్యం ఉంటుంది, చుట్టూ ఎవరికీ అర్థం కాదులే అని. అందుకే కడుపులో ఉన్నదంతా దాపరికం లేకుండా బయటికొస్తుంది. ఏ పార్కన్నది అడగొద్దు. ఆ మాటలు అన్నది పార్కు కాదు, మనుషులు.

నవ్వు తెప్పించే సణుగుడు

ముందు నవ్వుకునేవి చెప్తాను. వాటర్ పార్కులో ఒకాయన, "నేలంతా తడిగా ఉంది, కాస్త తుడిపించొచ్చు కదా" అన్నాడు. దెయ్యాల కొంపలోంచి బయటికొచ్చిన తల్లి, "లోపల బొత్తిగా లైట్లు లేవు, పిల్లాడు జడుసుకున్నాడు" అని గేటు దగ్గర అబ్బాయిని నిలదీసింది. గంటసేపు క్యూలో నిలబడి రోలర్ కోస్టర్ ఎక్కి దిగినవాడు, "రెండు నిముషాలకే అయిపోయింది, బస్సు టికెట్‌కైనా ఇంతకంటే దూరం తీసుకెళ్తారు" అన్నాడు. ఇంకొకరికి మే నెలలో ఎండగా ఉందని బాధ. అమెరికాలో డిస్నీ పార్కుల గురించి ఒక మాట బాగా ప్రచారంలో ఉంది: మూడు గంటల ఊరేగింపు ఎన్ని గంటలకని జనం అడుగుతారట. మనవాళ్ళూ ఏం తీసిపోలేదు.

ఇలాంటి సణుగుడు బైబిలుకి కొత్తేం కాదు. సంఖ్యాకాండము 11వ అధ్యాయం తీసి చూడండి. దాస్యం నుంచి విడుదలైన జనం, ఆకాశం నుంచి మన్నా కురుస్తుంటే, ఐగుప్తులో తిన్న చేపలూ కీరకాయలూ ఉల్లిపాయలూ వెల్లుల్లీ తలుచుకొని ఏడ్చారు. వెట్టిచాకిరీ చేయించిన దేశంలో గుర్తున్నది ఉల్లిపాయ! కడుపు నిండినవాడి సణుగుడు ఎప్పుడూ కొంచెం వెర్రిగానే ఉంటుంది. దానివల్ల పక్కవాడికి పెద్ద నష్టం లేదు. నవ్వుకుని వదిలేయొచ్చు.

వదిలేయలేనివి మూడు విన్నాను. ఆ మూడింటి గురించే ఈ వ్యాసం.

మొదటిది: "ఎవరు పడితే వాళ్ళు నీళ్ళల్లో దిగుతున్నారు"

కెరటాల కొలను ఒడ్డున ఒక కుటుంబం. మంచి చదువు, మంచి ఉద్యోగం ఉన్నవాళ్ళని తెలుస్తూనే ఉంది. ఆ రోజు ఏదో బస్తీ నుంచి రెండు బస్సుల జనం వచ్చారు. ముసలమ్మలు, చంటిపిల్లలు, కొత్తగా పెళ్ళైనవాళ్ళు, అందరూ ఒకేసారి కేకలేస్తూ నీళ్ళల్లో దిగారు. ఈ కుటుంబం బయటికొచ్చేసింది. "టికెట్ రేటు ఇంకా పెంచాలి, అప్పుడుగానీ ఈ జనం రారు. ఈ నీళ్ళల్లో మన పిల్లలు ఎలా దిగుతారు?" అంది ఆ ఇల్లాలు. ఆమె మెడలో సిలువ ఉంది.

శుభ్రత గురించి అన్నదేమో అని మీరనొచ్చు. అయితే ఆలోచించండి. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయా లేదా అన్నది క్లోరిన్ కొలిచి, ఫిల్టర్ నడుస్తోందా లేదా చూసి చెప్పే విషయం. అందరూ ముందు షవర్ కింద తడిసి రావాలని, నైలాన్ బట్టలే వేసుకోవాలని పార్కు పెట్టే నియమం అందరికీ ఒకటే. శుభ్రత మీద శ్రద్ధ ఉన్నవాళ్ళు పంపు గదిలో పనిచేసే మనిషిని అడుగుతారు. మొహాలు చూసి, బట్టలు చూసి, బస్సు చూసి బయటికి రారు. మొహం చూసి నీళ్ళు మైలపడ్డాయని తేల్చే పద్ధతికి మన దేశంలో పాత పేరుంది. అది అంటు.

ఇమాజికా పార్కు ఉన్నది మహారాష్ట్ర రాయగఢ్ జిల్లాలో. అదే జిల్లాలో మహాడ్ అనే ఊరుంది. అక్కడి చవదార్ చెరువు పేరు ప్రతి తెలుగు క్రైస్తవ యువకుడికీ తెలిసి ఉండాలి. 1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ చెరువులు, బావులు అందరివీ అని తీర్మానించింది. మహాడ్ మున్సిపాలిటీ కూడా తన చెరువు తెరిచామని కాగితం మీద రాసింది. కాగితం తడవలేదు. ఆ చెరువులో పశువులు తాగొచ్చు, ఇతర మతాలవాళ్ళు తాగొచ్చు, అంటరానివాడు మాత్రం ముట్టకూడదు. 1927 మార్చి 20న డాక్టర్ అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్ళి దోసిలితో ఆ నీళ్ళు తాగారు. వెంటనే ఊళ్ళో దాడులు మొదలయ్యాయి, తలలు పగిలాయి. ఆ తర్వాత పెద్దకులాలవాళ్ళు 108 కుండలతో పంచగవ్యం పోసి చెరువుని "శుద్ధి" చేశారు. మనిషి ముట్టుకుంటే మైల, పేడా పంచితం కలిస్తే శుద్ధి! అదే ఏడాది డిసెంబరు 25న, మనం క్రిస్మస్ చేసుకునే రోజున, అంబేడ్కర్ అదే మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టారు. చెరువు అందరిదీ అని బొంబాయి హైకోర్టు తేల్చేసరికి 1937 వచ్చింది. దోసెడు నీళ్ళకి పదేళ్ళు.

మెడలో సిలువ వేసుకుని కొలను ఒడ్డున నిలబడి "ఈ జనం" అంటున్న సోదరీ, మీ ముత్తాత మహాడ్ దగ్గర ఉండి ఉంటే చెరువుకి ఏ పక్క నిలబడేవాడు? మన తెలుగు క్రైస్తవుల్లో నూటికి ఎంతమందికి ఊరి బావి అందుబాటులో ఉండేదో మన పెద్దల్ని అడిగి చూడండి. బావి గట్టు మీద ఎవరో ఒకరు వచ్చి పై నుంచి నీళ్ళు పోస్తే తప్ప కుండ నిండని ఇళ్ళలోంచి వచ్చాం మనం. ఇదంతా పాతకాలం అనుకోకండి. 2022 డిసెంబరులో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా వేంగైవయల్‌లో దళితులు తాగే ఓవర్‌హెడ్ ట్యాంకులో మలం కనిపించింది. నీళ్ళ దగ్గర కులం ఇంకా కాపలా కాస్తూనే ఉంది. దానికి మన నోటితో జీతం లేని కాపలా ఎందుకు?

రెండోది: "డ్యూటీలో కూర్చుంటున్నారు"

ఒక పెద్దమనిషి సమాచార కేంద్రానికి వెళ్ళి మరీ ఫిర్యాదు చేశాడు. టాయిలెట్ల దగ్గర ఊడ్చే ఆడమనిషి గోడకి ఆనుకుని నేల మీద కూర్చుందట. "ఇంత డబ్బు తీసుకుంటున్నారు, పనివాళ్ళని కూర్చోబెట్టి మేపుతున్నారా?" అన్నాడు. ఆమె పొద్దున గేట్లు తెరవక ముందే వచ్చి ఉంటుంది. గేట్లు మూసి జనం బస్సులెక్కాక కూడా ఆమె పని అయిపోదు. మనం ఐస్‌క్రీమ్ కారుస్తూ నడిచిన దారి ఆమెదే.

పనిచేసే మనిషి కూర్చోవడం హక్కు. కేరళలో బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడి కాళ్ళు వాచిపోయిన ఆడవాళ్ళు పోరాడితే 2018లో అక్కడి చట్టం మారింది. 2021లో తమిళనాడు కూడా తన దుకాణాలు, సంస్థల చట్టాన్ని సవరించి పనివాళ్ళందరికీ కూర్చునే ఏర్పాటు ఉండాలని రాసింది. ఒక కుర్చీ కోసం శాసనసభ చట్టం చెయ్యాల్సి వచ్చిందంటే, అది ఇవ్వనివాళ్ళు ఎంతమంది ఉన్నారో ఊహించుకోండి. ఆ కుర్చీ లేనందుకు ఆమె నేల మీద కూర్చుంది. మన పెద్దమనిషికి ఆ నేల కూడా ఎక్కువైంది.

ఇందులో ఇంకో సంగతి ఉంది, అది మనకి బాగా దగ్గరిది. బెంగుళూరు పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే దళితులు ఎంతమందో ఆ ఊరివాళ్ళకి తెలుసు. చెన్నైలో చీపురు పట్టే చేతుల్లో తెలుగు చేతులు ఎన్నో. ముంబైలో కామాటిపుర అనే పేరు కూలికి వెళ్ళిన మన కామాటీల నుంచి వచ్చిందే. మనలో చాలామంది తాతలు ఈ నగరాలకి దొరలుగా రాలేదు. రాళ్ళు మోయడానికి, రోడ్లు వెయ్యడానికి, పాకీ పని చెయ్యడానికి వచ్చారు. వాళ్ళు తట్టలు మోస్తే మనం చదువుకున్నాం. ఆ రోజు నేను లేచి వెళ్ళి ఆమెని పలకరిస్తే, "మీరు మనోళ్ళేనా అన్నా?" అని తెలుగులో అడిగింది. ఆ పెద్దమనిషి ఎవరికీ అర్థం కాదనుకుని తెలుగులో తిట్టిన ప్రతి మాటా ఆమెకి అర్థమైంది.

యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో ఏముంది? బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి ఆసనం, మాసిన బట్టలవాడికి "అక్కడ నిలబడు" అన్న మాట. సభలో అలా చేసినవాళ్ళని యాకోబు విమర్శించాడు. ఆ పెద్దమనిషి ఆదివారం ఆ వాక్యం విని ఆమేన్ అంటాడు, శనివారం పార్కులో అదే మాట తాను అంటాడు.

మూడోది: "వాళ్ళెందుకు ముందు వెళ్తున్నారు?"

చక్రాల కుర్చీలో ఒక పన్నెండేళ్ళ పాప. నాన్న కుర్చీ తోస్తుంటే సిబ్బంది పక్క దారి నుంచి ముందుకి పంపారు. క్యూలో నలుగురు మొదలుపెట్టారు: "మేమేం పిచ్చోళ్ళమా? గంట నుంచి నిలబడ్డాం." ఒకడైతే "కాళ్ళు లేనివాళ్ళకి రైడ్లెందుకు?" అన్నాడు. ఆ పాప వింది.

విచిత్రం ఏమిటంటే, అదే క్యూ పక్కన ఇంకో దారి ఉంది. ఎక్కువ డబ్బు కట్టి ఫాస్ట్ ట్రాక్ టికెట్ కొన్నవాళ్ళు ఆ దారిన గంటలో ఎన్నోసార్లు ముందుకెళ్ళారు. వాళ్ళని చూసి ఒక్కడూ గొణగలేదు. ఒక్కడూ "మేమేం పిచ్చోళ్ళమా" అనలేదు. డబ్బుతో ముందుకెళ్ళినవాడు తెలివైనవాడు. అవసరంతో ముందుకెళ్ళిన పాప మోసగత్తె. ఈ లెక్క మనకి ఎవరు నేర్పారు?

2013లో న్యూయార్క్ పత్రిక ఒకటి ఒక వార్త బయటపెట్టింది. కొందరు డబ్బున్న కుటుంబాలవాళ్ళు వికలాంగులని గంటల లెక్కన కిరాయికి పెట్టుకుని, వాళ్ళని తమ కుటుంబసభ్యులుగా చూపించి డిస్నీ వరల్డ్‌లో క్యూలు తప్పించుకుంటున్నారని. అదే ఏడాది డిస్నీ వికలాంగులకిచ్చే కార్డు పద్ధతి మార్చేసింది. దొంగతనం చేసింది డబ్బున్నవాళ్ళు, పోయింది నిజంగా అవసరమున్నవాళ్ళ సౌకర్యం. క్యూలో వికలాంగుణ్ణి అనుమానంగా చూసేవాళ్ళు ఈ కథ గుర్తుపెట్టుకోవాలి. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. పక్క దారి, ర్యాంపు, లిఫ్టు ఎవరో జాలిపడి ఇచ్చే బిచ్చం కాదు. కాళ్ళున్నవాళ్ళ కోసం మాత్రమే కట్టిన ప్రపంచంలో కొంచెం అన్యాయాన్ని సరిచేయడం.

ప్రభువు చెప్పిన ద్రాక్షతోట ఉపమానం మత్తయి 20లో ఉంది. పొద్దున నుంచి పనిచేసినవాళ్ళు, సాయంకాలం వచ్చినవాడికి కూడా అదే దేనారం ఇచ్చినందుకు సణిగారు. వాళ్ళకి రావాల్సింది ఒక్క పైసా తగ్గలేదు. పక్కవాడు తమతో సమానం కావడమే వాళ్ళ బాధ. ఆ పాప ముందు వెళ్ళినందుకు నీకు పోయింది రెండు నిముషాలు. మరి అంత కోపమెందుకు? నీకు తెలియకుండానే నీ లోపల ద్రాక్షతోట కూలివాడు కూర్చున్నాడు.

పార్కులో ఒక సంఘం, రెండు క్యూలు

ఇదంతా బయటివాళ్ళ సంగతి అనుకుంటే పొరపాటు. ఒక సంఘం పిక్నిక్‌లో ఏం జరిగిందో చెప్తాను. డబ్బున్న తల్లిదండ్రులు తమ పిల్లలకి ఫాస్ట్ ట్రాక్ పట్టీలు కొన్నారు. పనిమనుషుల పిల్లలు, ఆటోడ్రైవర్ల పిల్లలు మామూలు క్యూలో. అదే బస్సు, అదే పాట పాడుకుంటూ వచ్చారు. గేటు దాటగానే క్రీస్తు శరీరం రెండు ముక్కలైంది. మధ్యాహ్నం అన్నం దగ్గర పట్టీ ఉన్న పిల్లలు పన్నెండు రైడ్లు లెక్క చెప్తుంటే, పట్టీ లేని పిల్లలు నాలుగు చెప్పి ఊరుకున్నారు. పార్కు తన వ్యాపారం తాను చేసుకుంది. ఆ పట్టీలు కొనొద్దని చెప్పే నోరు సంఘంలో ఒక్కరికీ లేకపోయింది.

ఎందుకు లేకపోయింది? మనకి రెండు క్యూలు అలవాటే కాబట్టి. మాల సంఘం, మాదిగ సంఘం అని మనమే విడివిడిగా పెట్టుకున్నాం. తిరుచ్చిలో క్రైస్తవ శ్మశానం మధ్యలో గోడ కట్టి కులాన్ని సమాధి దాకా తీసుకెళ్ళినవాళ్ళు క్రైస్తవులే. చచ్చాక కూడా "ఎవరు పడితే వాళ్ళు" పక్కన పడుకోకూడదట! కొలను ఒడ్డున ఆ ఇల్లాలు అన్న మాటకీ, ఆ గోడ కట్టినవాడి మాటకీ తేడా ఎంత?

"పార్కుల గోల దైవసేవకులకి ఎందుకు?"

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఆకలి, నిరుద్యోగం, హత్యలు ఉండగా పార్కు క్యూల గురించి ఉపదేశమా అని. జవాబు చరిత్రలో ఉంది.

మార్టిన్ లూథర్ కింగ్ 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి తోటి పాస్టర్లకి రాసిన ఉత్తరంలో ఒక చిన్నపిల్ల ప్రస్తావన ఉంది. ఆమె ఆయన ఆరేళ్ళ కూతురు. టీవీలో ప్రకటన చూసి, ఫన్‌టౌన్ అనే పార్కుకి తీసుకెళ్ళమని అడిగింది. నల్లవాళ్ళకి ప్రవేశం లేదని ఆ పిల్లకి చెప్పాల్సి రావడం ఎలా ఉంటుందో ఆయన రాశారు. అంత పెద్ద పోరాటంలో ఆయనకి పార్కు చిన్న విషయం అనిపించలేదు. అవమానం మొదట తగిలేది పిల్లలకే, అదీ ఆటల దగ్గరే.

అదే ఏడాది జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినాన, మేరీల్యాండ్‌లో గ్విన్ ఓక్ అనే పార్కు ముందు ప్రొటెస్టెంట్ పాస్టర్లు, కాథలిక్ ఫాదర్లు, యూదు రబ్బీలు నల్లవాళ్ళని లోపలికి రానివ్వమంటూ నిలబడి అరెస్టయ్యారు. ప్రెస్బిటేరియన్ సంఘ నాయకుడు యూజీన్ కార్సన్ బ్లేక్ వాళ్ళలో ఒకరు. ఆగస్టు 28న ఆ పార్కు అందరికీ తెరుచుకుంది. కింగ్ వాషింగ్టన్‌లో లక్షలమంది ముందు మాట్లాడిన రోజే ఒక నల్లపాప అక్కడ గుర్రాల రంగులరాట్నం ఎక్కింది. ఆ పాప ఆట కోసం పాస్టర్లు జైలుకి వెళ్ళారు. మన పాస్టరుగారిని జైలుకి పొమ్మనడం లేదు. బస్సులో మైకు పట్టుకుని ఒక్క మాట చెప్పమంటున్నాను.

సణగండి, కానీ ఎవరి కోసం?

నోరు మూసుకుని ఉండమని నేను చెప్పడం లేదు. మన తెలుగు బైబిల్లో సణుగుడు అన్న మాట రెండు రకాల చోట్ల వస్తుంది. ఎడారిలో కూరలకోసం ఏడ్చినవాళ్ళు సణిగారు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో గ్రీకుభాష మాట్లాడే యూదులు కూడా సణిగారు. రోజూ జరిగే పంపకంలో తమ విధవరాండ్రని పట్టించుకోవడం లేదని వాళ్ళ ఫిర్యాదు. అపొస్తలులు వాళ్ళని గద్దించలేదు. ఏడుగురిని ఏర్పాటుచేసి తప్పు దిద్దారు. గమనించండి, వాళ్ళు వేరే భాషవాళ్ళు, పరాయిచోట్ల పెరిగినవాళ్ళు, అచ్చం మనలాగే. సంఖ్యాకాండములోనే, ఉల్లిపాయల కథ ఉన్న ఆ పుస్తకంలోనే, సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ముందు నిలబడి ఆడపిల్లలకి ఆస్తి ఎందుకు రాదని అడిగారు. వాళ్ళు చెప్పింది న్యాయమేనని దేవుడే అన్నాడు, చట్టం మారింది.

కాబట్టి కొలబద్ద ఒకటే. నీ ఫిర్యాదు నీకంటే కింద ఉన్నవాడి మీదా, వాడి తరఫునా?

ఈసారి పిక్నిక్‌కి బయల్దేరే ముందు యూత్ నాయకులు నాలుగు పనులు చెయ్యండి. ఫాస్ట్ ట్రాక్ ఉంటే బస్సులో అందరికీ, లేకపోతే ఎవరికీ వద్దని ముందే తీర్మానించండి. మీ సంఘంలో చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళని, చూపులేనివాళ్ళని "కష్టం కదా" అని ఇంట్లో వదిలేయకుండా, పార్కుకి ముందే ఫోన్ చేసి ర్యాంపు, టాయిలెట్ సంగతి కనుక్కుని వెంట తీసుకెళ్ళండి. పార్కులో ఫిర్యాదుల పుస్తకం అడిగి రాయండి: ఊడ్చేవాళ్ళకి కుర్చీ ఉందా, నీడ ఉందా, తాగే నీళ్ళు ఉన్నాయా అని. మీ సంచిలో ఉన్న పులిహోర పొట్లంలో ఒకటి ఎవరికో ఇచ్చి ఫొటో దిగడం కంటే ఆ రెండు వాక్యాలు రాయడం ఎక్కువ పని చేస్తుంది. నాలుగోది, క్యూలో ఎవరైనా తెలుగులో ఆ మాటలు అంటుంటే తెలుగులోనే జవాబు చెప్పండి. "మాకు అర్థమవుతోందండీ" అంటే చాలు. సగం నోళ్ళు అక్కడే మూతపడతాయి.